చేప తిన్న వంకాయలు

"మానవజాతిని ఉద్ధరించేది ఆకుకూర ఒక్కటే!"

పందొమ్మిదివందల డెబ్భై తొమ్మిదిలో, ఒక ఆదివారం సాయంత్రం, సౌగంధిక కాలనీ సమావేశంలో రమణమూర్తి గారు ఈ సత్యాన్ని ప్రకటించారు. హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. దద్దరిల్లక ఏం చేస్తుంది! విశాఖపట్నం రేవుకి వచ్చిపోయే సరకులకి కాగితాలు రాసే ఆఫీసొకటి ఉంది. దానికి పెద్ద ఆయనే. కాలనీలో ఆయన బంగళా కాక మిగిలిన ఇరవై నాలుగు క్వార్టర్లలో ఉండేవాళ్ళంతా ఆయన కింద పనిచేసేవాళ్ళే. ఏడాదికోసారి ఒక్కొక్కరి గురించీ రహస్య నివేదిక రాసేదీ ఆయనే. అటువంటి మనిషి ఆకుకూర అంటే ఆకుకూర, గడ్డి అంటే గడ్డి!

"నేటినుంచి మనది సంపూర్ణ శాకాహార కాలనీ. చేప, మాంసం, గుడ్డు గేటు దాటి లోపలికి రాకూడదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు రమణమూర్తి గారు, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పుతూ.

పెన్ను చూశాక ఎవరి చెయ్యీ లేవలేదు. ఒకాయనకి మెడ మీద దోమ కుడుతున్నా ఓర్చుకున్నాడు.

శాకాహార సంఘానికి కార్యదర్శిగా హెడ్ క్లర్కు గురునాథరావు ఎన్నికయ్యాడు. ఎన్నికయ్యాడంటే, ముందు వరసలో కూర్చున్నాడు. ఆఫీసులో సూపరింటెండెంటు పదవి ఖాళీ అయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ అతను ఎక్కడికెళ్ళినా ముందు వరసలోనే కూర్చుంటున్నాడు.

గురునాథరావుది ఎలమంచిలి దగ్గర ఒక పల్లె. పొలం పనులు చేసుకునే కుటుంబం. అక్షరాలు దిద్దడం కన్న ముందు చేపముల్లు తియ్యడం నేర్చుకున్నాడు. పెళ్ళిచూపుల్లో వరహాలమ్మ ఏ రంగు చీర కట్టుకుందో అతనికి గుర్తులేదు గాని, ఆ పూట వాళ్ళింట్లో వడ్డించిన నెత్తళ్ళనే చిరుచేపల ఇగురు మాత్రం బాగా గుర్తుంది. అటువంటివాడు ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చి, "ఇకమీదట మనం చేపలు తినం" అన్నాడు.

వరహాలమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "ఏటి, ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉంది. ప్రమోషన్ కోసం."

"అదొచ్చీశాక తినొచ్చా?"

ఆ సంగతి నియమావళిలో రాయలేదు.

మూడు ఆదివారాలు గడిచాయి. నాలుగో ఆదివారం పొద్దున్నే పెరటి తలుపు చప్పుడైంది. ఫిషింగ్ హార్బర్ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే నూకాలు. కాలనీ గేటు దగ్గర కొత్తగా పెట్టిన బోర్డు ఆమెని ఆపలేదు, ఆమెకి చదువు రాదు. ఆపింది వాచ్‌మన్. అందుకని గోడ చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చింది.

"అమ్మగోరూ! వంజరం! ఇప్పుడే బోటు దిగింది. దాని కళ్ళు సూడండి, మిమ్మల్నే సూత్తంది!"

నిజంగానే చూస్తోంది. ముందు వరహాలమ్మ చూసింది. తరవాత గురునాథరావు చూశాడు. చేప కూడా అతన్ని చూసింది. పాత పరిచయం!

"ఈ ఒక్కసారికే" అంటూ గురునాథరావు చేపని రెండు చేతులా ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడు పెరటి గోడ మీంచి, ఉదయపు షికారుకి బయల్దేరిన రమణమూర్తి గారి తల లేచింది.

"గురునాథం! ఏమిటయ్యా అది?"

ఇరవై ఏళ్ళ సర్వీసులో గురునాథరావు పై అధికారి ప్రశ్నకి జవాబు ఆలస్యం చేసినవాడు కాదు. జవాబు తెలియకపోయినా సరే.

"ఎరువండి!"

"ఎరువా?"

"మత్స్య ఎరువండి. కూరగాయల తోటకి. కార్యదర్శిని కదండీ, మన శాకాహారం మనమే పండించుకుంటే ఆదర్శంగా ఉంటుందని..."

"తోట ఏదీ?"

పెరట్లో బట్టలారేసే తీగ, రుబ్బురోలు, అడుగూడిన బకెట్టు తప్ప ఏమీ లేవు.

"ఇవాళే శంకుస్థాపనండి."

రమణమూర్తి గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చేప మట్టిలో కలిసి శాకంగా మళ్ళీ పుట్టడం! ఆహా, ఎంత గొప్ప ఆలోచనయ్యా! కానివ్వు, కానివ్వు. చూసే వెళతాను" అంటూ మోచేతులు రెండూ గోడ మీద ఆనించారు.

ఇంట్లో గునపం లేదు. వరహాలమ్మ అట్లకాడ తెచ్చిచ్చింది. గురునాథరావు చతికిలబడి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. నూకాలుకి మతిపోయింది.

"ఏటి బావూ, ఏటి సేత్తన్నారు? అది కూరకి సేప! కప్పెట్టడానికైతే కుళ్ళు సేపలు హార్బర్లో బోలుడున్నాయి!"

"నువ్వూరుకో. నీకు తెలీదు."

"నాకా తెల్దు! నాను పుట్టి బుద్దెరిగాక సేపని పాతిపెట్టినోడిని సూణ్ణేదు!"

వంజరం గోతిలోకి దిగింది. రమణమూర్తి గారు గోడమీంచి చెయ్యి చాపి పిడికెడు మట్టి వేశారు. తరవాత కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది.

"మీ ఆవిడ కూడా కదిలిపోయిందయ్యా!"

"చాలా కదిలిపోయిందండి."

"వచ్చే ఆదివారం మొక్కలు చూడ్డానికి వస్తాను" అని ఆయన సాగిపోయారు. ఆయన చేతికర్ర టకటకలు వీధి మలుపు తిరిగాయో లేదో, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గొయ్యి మీద పడ్డారు. వంజరాన్ని పైకి తీసి మూడు నీళ్ళు కడిగారు. ఆ మధ్యాహ్నం పులుసులో అక్కడక్కడ ఇసక పంటికి తగిలింది గాని దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. తల, తోక, పొలుసులు మాత్రం తిరిగి గోతిలోకి వెళ్ళాయి.

అబద్ధం తేలిగ్గా ఆడాడు గాని, దానికి ఇప్పుడు తోట వెయ్యాలి! గురునాథరావు మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ పన్నెండు వంగ మొక్కల నారు, ఒక గునపం తెచ్చాడు. ఎర్ర గులకనేల. గునపం దిగితే నిప్పురవ్వలు రాలాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. పదిహేనో ఏట చదువుకోసం పల్లె వదిలినవాడు మళ్ళీ సేద్యానికి దిగడం అదే. అయినా నారు నాటుతుంటే వేళ్ళకి ఎవరూ చెప్పకుండానే లోతు తెలిసిపోయింది. అతనికే ఆశ్చర్యం వేసింది.

బియ్యం కడిగిన నీళ్ళు, చేపలు కడిగిన నీళ్ళు మొక్కలకే పోసింది వరహాలమ్మ. రేవు వైపునుంచి ఇనప ఖనిజం ఎర్రధూళి ఎగిరొచ్చి ఆకుల మీద పేరుకునేది. గురునాథరావు ఆఫీసుకి వెళ్ళేముందు తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేవాడు. మొదటి ఊదాపువ్వు విచ్చిన రోజున భార్యని కేకేసి చూపించాడు. చూపించి, మళ్ళీ ఇంకోసారి చూపించాడు. ఇరవై ఏళ్ళలో మూడు కాపీలు తియ్యనక్కరలేని పని అతను చెయ్యడం అదే మొదటిసారి.

అన్నట్టు, ఎరువు కూడా ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా వస్తూనే ఉంది.

చెప్పిన ప్రకారం ఆ మరుసటి ఆదివారం రమణమూర్తి గారు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన కన్న ముందు ఆయన ముక్కు పెరట్లోకి వచ్చింది.

"ఏదో వేగుతున్న వాసన వస్తోందే?"

"ఎరువండి. వేయించి వెయ్యాలి. పచ్చిగా వేస్తే మొక్కకి అరగదు."

"కారం ఘాటు కూడా తగులుతోంది?"

"చీడ పట్టకుండానండి."

"మరి చింతపండు?"

"సముద్రపు గాలికి నేల ఉప్పదేరుతుంది కదండీ, దానికి విరుగుడు."

"కొత్తిమీర?"

గురునాథరావు విజ్ఞానశాస్త్రం అక్కడితో అయిపోయింది. లోపల్నుంచి వరహాలమ్మ ఆదుకుంది. "గుమగుమలాడతాదనండి!"

"ఎవరికమ్మా?"

"మొక్కకండి!"

రమణమూర్తి గారు అంతా చిన్న పుస్తకంలో రాసుకున్నారు. రాసుకుని, గొంతు సవరించుకున్నారు. "మా పెరట్లో కరివేపాకు మొక్క నీరసంగా ఉంది. ఒక గిన్నెలో రెండు గరిటెలు పొయ్యమ్మా. ముక్కలు కూడా పడాలి. మొక్క బాగా నీరసంగా ఉంది."

మర్నాడు గిన్నె తోమినట్టు తిరిగొచ్చింది. ఆ తరవాత వారం ఆఫీసులో ఫైలు మీద సంతకం పెడుతూ ఆయన మెల్లగా అన్నారు: "మొన్నటి ఎరువులో ఉప్పు కాస్త తగ్గిందయ్యా. మొక్క ముఖం చిట్లించింది."

పదిహేను రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. కాలనీలో ప్రతి ఇంటా కూరగాయల తోట ఉండవలెను. ప్రతి తోటకూ వారానికొకసారి మత్స్య ఎరువు తప్పనిసరిగా వాడవలెను. ఇంతవరకు ఏ సర్క్యులరుకీ ఇంత ఆదరణ దొరకలేదు! చదివిన పావుగంటలో ఇరవై నాలుగు ఇళ్ళూ అమలుకి సిద్ధమయ్యాయి. వాచ్‌మన్ ఇప్పుడు నూకాలుకి గేటు బార్లా తీసి సలాం కొడుతున్నాడు. ఒక్కతే చాలక ఆమె తన తోడికోడళ్ళని ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది.

గురునాథరావు పక్కింట్లో ఉండే కేషియరు అర్జునరావు గంప ముందు కూర్చుని అరగంట ఏరేవాడు.

"ముళ్ళు తక్కువున్నది చూసివ్వు."

"మొక్కకి గొంతులో గుచ్చుకుంటాదేటి బావూ?"

"మావి లేత మొక్కలు!" అన్నాడు అర్జునరావు కోపంగా.

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, సౌగంధిక కాలనీకి ఆ పేరు ఎందుకు పెట్టారో వీధిలో పోయే కుక్కలకి కూడా తెలిసిపోయేది. కాలనీ మొత్తం మీద కాయ కాసింది మాత్రం గురునాథరావు పెరట్లోనే. మిగతా ఇరవై మూడు పెరళ్ళలో నాలుగేసి కర్రలు పాతి ఉండేవి. వాటి మీద 'టమాటా', 'బెండ', 'బీర' అని అట్టముక్కలు వేలాడేవి. పురోగతి సంతృప్తికరం అని నెలనెలా నివేదిక వెళ్ళేది.

మూడో నెలలో రమణమూర్తి గారు ఆదర్శ శాకాహార కాలనీ షీల్డుకి దరఖాస్తు పెట్టారు. షీల్డు ఇచ్చేది ఏదో ప్రకృతి ఆహార సమితి. తనిఖీకి దాని అధ్యక్షురాలు గంగాభవాని గారు రిక్షాలో, ఒళ్ళో షీల్డు పెట్టుకుని వచ్చింది. అరవై ఏళ్ళావిడ. ఖద్దరు చీర, దళసరి కళ్ళద్దాలు. పుట్టి బుద్ధెరిగాక చేప వాసన చూడని మనిషి.

ఆవిడ ఇరవై మూడు పెరళ్ళు చూసింది. అట్టముక్కలన్నీ చదివింది. ఇరవై నాలుగో పెరట్లోకి అడుగుపెట్టి ఆగిపోయింది. నడుమెత్తు పెరిగిన పన్నెండు వంగ మొక్కలు, ఊదారంగులో నిగనిగలాడుతూ గుత్తులు గుత్తులుగా కాయలు. ఒక కాయని అరచేతిలో పట్టుకుని, "ఇదీ తోటంటే! ఎవరు పెంచారు?" అంది.

"నేనేనండి" అన్నాడు గురునాథరావు. ఆ మూడు నెలల్లో అతను రమణమూర్తి గారి ఎదుట ఆడిన మొదటి నిజం అది. ఛాతీ ఒక అంగుళం పొంగింది.

"ఏం ఎరువు వేస్తారు?"

"మత్స్య ఎరువు!" అన్నారు రమణమూర్తి గారు ముందుకొచ్చి. "మా కాలనీ ప్రత్యేక ఆవిష్కరణ. వేయించి, ఉడకబెట్టి వేస్తాం."

"ఏదీ, వేసి చూపించండి."

ఆదివారం కదా, పులుసు పొయ్యి మీదే ఉంది. వరహాలమ్మ గిన్నె తెచ్చి పెట్టి మూత తీసింది. చుట్టూ మూగిన కాలనీ అంతా ఒక్కసారిగా గాలి పీల్చింది. గురునాథరావు గరిటె ముంచాడు. ఎర్రటి పులుసు, మీద నూనె తేలుతోంది, మధ్యలో అరచేతి మందాన వంజరం ముక్క. గరిటె వంగ మొక్క దాకా వెళ్ళి ఆగింది.

"పొయ్యండి" అంది గంగాభవాని గారు.

అర్జునరావు ముఖం తిప్పుకున్నాడు. ఎవరో ముక్కు చీదారు. నూకాలు, "ఓలమ్మో, తిండి మట్టిలో పోత్తన్నారే!" అని గుండె బాదుకుంది. గరిటె వంగింది.

"ఆగవయ్యా! నడుం ముక్క!"

కేక వేసినాయన రమణమూర్తి గారు. వేసి ఊరుకోలేదు. ఒక్క దూకు దూకి గరిటె కింద దోసిలి పట్టారు. ముక్క దోసిట్లో పడింది. దోసిలి దాని అలవాటు ప్రకారం నోటి దగ్గరికి వెళ్ళింది.

గంగాభవాని గారు కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"రమణమూర్తి గారూ, మీరు ఏం తింటున్నారు?"

ఆయన నమిలారు. మింగారు. ఒక ముల్లు తీసి జాగ్రత్తగా పక్కన పెట్టారు. అంతటి పదవికి ఊరికే వచ్చినవారు కారు!

"అమ్మా, శాస్త్రీయంగా ఆలోచించండి. ఈ చేప సముద్రంలో ఏం తింటుంది? నాచు తింటుంది."

"వంజరం నాచు తింటాదేటి! నెత్తళ్ళని మింగుతాది" అంది నూకాలు. అర్జునరావు గబగబా ఆమె నోరు మూయించాడు.

"నాచు తినే చేప శుద్ధ శాకాహారి. దాన్ని తిన్నవాడు శాకం తిన్నట్టే. మరి ఈ వంకాయ? మూడు నెలల్నుంచి దీని తిండేమిటి? చేపలు! కాబట్టి, ఈ కాలనీలో మాంసాహారి అంటూ ఎవరైనా ఉంటే..." ఆయన చూపుడువేలు మొక్కల మీదికి తిరిగింది. "అదిగో, ఆ వంకాయ!"

ఇరవై మూడు ఇళ్ళవాళ్ళూ చప్పట్లు కొట్టారు. వాళ్ళ పెరళ్ళలో ఒక్క వంకాయా లేదు మరి. అందరూ పవిత్రులే! గంగాభవాని గారు మాత్రం షీల్డు చంకన పెట్టుకుని, తిరిగి చూడకుండా వెళ్ళి రిక్షా ఎక్కింది.

షీల్డు పోయింది కాబట్టి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. సోమవారం ఉదయం గురునాథరావు బల్ల మీద మెమో ఉంది. 'శాకాహార కాలనీ పరిధిలో మాంసాహార స్వభావము గల వంగ మొక్కలు పన్నెండింటిని పోషించినందుకు తమపై ఏల చర్య గైకొనరాదో మూడు దినములలో తెలుపవలెను. సదరు మొక్కలను తక్షణము పెరికివేయవలెను.'

గురునాథరావు ఇరవై ఏళ్ళ అనుభవమంతా కూడదీసి జవాబు రాశాడు. 'సదరు మొక్కలను తీవ్రముగా మందలించితిని. ఇకపై శాకాహారము మాత్రమే గైకొనగలవని అవి మౌనముగా అంగీకరించినవి.'

'మౌనము హామీ కాజాలదు' అని ఫైలు తిరిగొచ్చింది.

ఈలోగా, చేప ఎరువు తిన్న కూరగాయ ఏదీ లోపలికి రాకూడదని రమణమూర్తి గారు పెట్టిన కొత్త నియమం కాలనీలో పకడ్బందీగా అమలవుతోంది. చేపల గంపలు గేటులోంచి దర్జాగా లోపలికి పోతున్నాయి. కూరగాయల బండిని మాత్రం వాచ్‌మన్ ఆపేస్తున్నాడు.

"నీ బెండకాయలు ఏటి తిని పెరిగాయి?"

"నాకేటి తెలుసు బావా, కొనుక్కొచ్చినాను!"

"అలగైతే సర్టిఫికెట్టు తే!"

గడువు ఆఖరిరోజు పొద్దున్న గురునాథరావు గునపం పట్టుకుని మొక్కల దగ్గర కూర్చున్నాడు. వరహాలమ్మ గడప మీద నిలబడి చూస్తోంది.

"పీకండి మరి. సూపరింటెండెంటు అవ్వాల కదా."

మొదటి మొక్క మొదలు పట్టుకున్నాడు. ఆకు మీద ఎర్రధూళి ఉంది. తుడిచాడు. పక్క ఆకూ తుడిచాడు. కొమ్మకి వేలాడుతున్న కాయ ఒకటి మణికట్టుకి చల్లగా, నున్నగా తగిలింది. లాగడానికి చెయ్యి రాలేదు. లేచి, చేతులు కూడా కడుక్కోకుండా తిన్నగా ఆఫీసుకెళ్ళి, రమణమూర్తి గారి గదిలోకి నడిచాడు.

"మొక్కలు పీకను సార్."

"ఏమన్నావ్?"

"పీకను. చేపలు తిన్నది నేను. నా భార్య. మీరు. కాలనీ అంతా! ఆ మొక్కలు తిన్నది మనం తినగా మిగిలిన తలకాయలు, పొలుసులూనూ. రిపోర్టులో ఏం రాసుకుంటారో రాసుకోండి!"

రమణమూర్తి గారు పెన్ను మూత విప్పారు. తలుపు వంక చూశారు. మూత మళ్ళీ పెట్టేశారు.

"తలుపు వేసి రా."

గురునాథరావు వేసి వచ్చాడు. ఆయన ముందుకి వంగారు. గొంతు బాగా తగ్గింది.

"ఆ వంకాయలు గుత్తికూరకి పనికొస్తాయా?"

"లేతవి సార్" అన్నాడు గురునాథరావు, నివ్వెరపోయి.

"పొద్దున్న చేపలు, రాత్రి చేపలు. నోరు చచ్చిపోయిందయ్యా! మార్కెట్టులో వంకాయ కొందామంటే, అదేం తిని పెరిగిందో రుజువేదంటుంది మా ఆవిడ. నేను పెట్టిన నియమమేనట!" ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ఆదివారం వస్తాను. ఎవరికీ చెప్పకు."

నెలాఖరుకి సూపరింటెండెంటు పదవి అర్జునరావుకి దక్కింది. కాలనీలో అత్యంత శాకాహార పెరడు అతనిదేనని ఉత్తర్వులో రాశారు. పెరట్లో కర్రలు తప్ప ఏమీ లేవు కదా! వార్త విని గురునాథరావు కాసేపు దిగులుపడ్డాడు. తరవాత మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాడు. కాసేపటికి దిగులుపడిన సంగతి మర్చిపోయాడు.

ఆ ఉత్తర్వు తరవాత వచ్చిన ఆదివారం తెల్లగా తెల్లవారాక నూకాలు గంప దించుదామని అతని పెరట్లోకి వచ్చి నోరు తెరిచింది. గోడ వారన ఆఫీసర్లు, గుమాస్తాలు, కొత్త సూపరింటెండెంటుతో సహా, వరసకట్టి నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ గుడ్డసంచులు. ఒకరి ముఖం ఒకరు ఎరగనట్టు అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. గురునాథరావు చాకుతో కాయలు కోసి తలకి నాలుగేసి చొప్పున సంచుల్లో వేస్తున్నాడు.

"ఏటి బావూ, ఈలందరూ ఏటి సేత్తన్నారు?"

వరసలో అందరికన్న ముందున్న రమణమూర్తి గారు ఉలిక్కిపడ్డారు. వెంటనే సర్దుకున్నారు.

"నిషేధిత వస్తువుల తొలగింపమ్మా! విడతలవారీగా జరుగుతోంది" అని, సంచీ నోరు ఇంకాస్త వెడల్పు చేసి గురునాథరావు వైపు చాపారు. "ఊఁ, కానివ్వవయ్యా. ఈ విడతలో నాకు మరో రెండు తొలగించు, లేతవి చూసి!"